అంచు దాటిన ఎర్ర పోగు

పదో తరగతి పరీక్ష పన్నెండూ ముప్పావుకి ముగుస్తుంది, పిల్లల కాగితాలు కట్టలు కట్టి సీలు వేసి కూతురు భవాని బయటికి వచ్చేసరికి ఒంటిగంట అవుతుంది, కర్నూలులో ప్రెస్సు హరికృష్ణ పెట్టిన గడువు కూడా ఒంటిగంటే, కాబట్టి ఈ గంటసేపట్లో భాగ్యమ్మ నడపగల బేరం ఏదీ లేదు, ఆదోనిలో ఈ బడి గోడకు ఎదురుగా వేపచెట్టు నీడ ఎటు జరిగితే అటు జరుగుతూ కూర్చోవడం తప్ప. ఎమ్మిగనూరులో పదిన్నర బస్సు ఎక్కి వచ్చింది. లోపల కాపలా కాసే టీచర్ల దగ్గర ఫోన్లు ఉండనివ్వరు, బయట జెరాక్సు అంగళ్ళు కూడా మూయించారు. గేటు దగ్గరి కానిస్టేబుల్ ఒకసారి వచ్చి "ఎవురి కోసరం మ్మా?" అన్నాడు. "మా పాప కోసరం." "ఏ రూము, నంబరెంత?" "రాసే పాప కాదప్పా, కాపలా కాసే పాప." ఆయన నవ్వుకుంటూ పోయాడు. ముప్పై అయిదేళ్ళ పాప. ముప్పై అయిదేళ్ళకు కూడా ఆ పాప ముఖంలోకి చూసి ఒక మాట అడగాలంటే భాగ్యమ్మ మాటిమాటికీ కొంగుతో ముఖం తుడుచుకుంటోంది, ఎండ వల్ల కాదు, మార్చి ఎండలు ఆమెకు కొత్తవి కావు, నెత్తిన చీరల మూట పెట్టుకుని ఈ ఆదోని వీధులన్నీ తిరిగిన మనిషి. పత్తి ట్రాక్టరు ఒకటి మార్కెట్టు వైపు పోయింది, దూదిపింజ ఒకటి గాలికి లేచి వేపకొమ్మకు తగులుకుంది, దాని పొడవెంత, దాంతో ఏ నంబరు నూలు వస్తుంది అని మనసు దానంతట అదే అంచనా వేసింది. అలవాటు. చూసిన ప్రతిదానికీ ఇదెంతకు పనికొస్తుంది అని అడిగే అలవాటు. ఆ అలవాటే ఇల్లు నిలబెట్టింది, ఆ అలవాటే ఒకప్పుడు కూతురి మీద కూడా పనిచేసింది.

ఒడిలో గుడ్డసంచి, సంచిలో అచ్చుకు పోవాల్సిన పుస్తకం ప్రూఫులు. ఇలాంటిదే ఇంకో సెట్టు పోయిన ఆదివారం భవాని చేతికి ఇచ్చింది. ఇది పదో పుస్తకం. మొదటి తొమ్మిదీ పిల్లల కథలు, ఇదీ పిల్లలకే కానీ కథ కాదు, తాను కథలు రాయడం ఎలా మొదలుపెట్టిందో చెప్పే పుస్తకం, అందులో చివరి పదకొండు పేజీల్లో ఇన్నేళ్ళూ ఎక్కడా పలకని సంగతి ఉంది. ఆడపిల్లల్ని బడి మాన్పించకండి అని బడిబడికీ పోయి చెప్పి శాలువాలు కప్పించుకున్న భాగ్యమ్మ సొంత కూతుర్ని ఏడో తరగతిలో మూడు నెలలు బడి మాన్పించి మగ్గం ముందర కూర్చోబెట్టిందని. తనకు పేరు తెచ్చిన బల్లి కథ తనది కానే కాదని, ఆ మూడు నెలల్లో ఆ పిల్ల నోట్లోంచి వచ్చిందని. భవాని సరే అంటే అచ్చు. వద్దంటే ఆ పేజీలు లేవు, ఆ పేజీలు లేకుండా ఆడపిల్లల చదువు మీద ఇంకో అక్షరం రాయనని భాగ్యమ్మ బస్సులోనే తేల్చుకుంది. ఆదివారం భవాని కాగితాలు తీసుకుని బరువు చూసినట్టు చేత్తో ఎత్తి చూసి, "సూసి సెప్తా మా, గురువారం ఆఖరి డ్యూటీ, అయినాక రా," అంది. సూసి సెప్తా. ఇరవై ఏళ్ళు దాటిన వ్యాపారంలో ఆ మాట అన్న గిరాకీ తిరిగి వచ్చింది తక్కువ. చీర మడత విప్పించుకుని, అంచు తడిమి, ముఖానికి ఆనించుకుని, చూసి చెప్తా అని చెప్పులు వేసుకునే ఆడవాళ్ళు ఎందరు. వాళ్ళ వెనక భాగ్యమ్మ ఎప్పుడూ పిలవలేదు, పిలిస్తే సరుకు చులకన అవుతుంది. ఆదివారం కూడా పిలవలేదు. మెట్లు దిగి వచ్చేసింది.

మూడు నెలలు. ఆ ఏడు పెళ్ళి ముహూర్తాలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి, ఆదోని అంగడివాళ్ళు పసుపు ఒళ్ళు ఎర్ర అంచు చీరలు నేసినన్నీ తీసుకుంటామన్నారు. మగ్గం మీద తిమ్మప్ప, ఆమె మొగుడు, రెండు రోజుల పని ఒక రోజులో లాగుతున్నాడు. కానీ ఒక పడుగు అయిపోతే ఇంకో పడుగు ఎక్కించాలి, అంటే మగ్గానికి మిగిలిన పాత పోగుల కొనలకు కొత్త పడుగు పోగులు ఒక్కొక్కటే పురిపెట్టి అతకాలి, బూడిదలో వేళ్ళు అద్దుకుని, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక్క నలుపు, అయిపోయింది ఇంకోటి, అలా వేల పోగులు. దానికి సన్నని వేళ్ళు కావాలి. అతికే ఆడవాళ్ళు ఆ సీజనులో దొరకలేదు. ఇంట్లో ఉన్నది అత్త సుంకులమ్మ ఒక్కతే, ఆ వయసులో కూడా అంత నిదానంగా, అంత గట్టిగా అతికే మనిషి ఎమ్మిగనూరులోనే లేదు, కానీ ఒక్కతే ఎంతకని అతుకుతుంది. పన్నెండేళ్ళ భవాని వేళ్ళు చూసింది భాగ్యమ్మ. పెన్సిలు పట్టుకున్న వేళ్ళు. ఇవి ఎంతకు పనికొస్తాయి అని మనసు అడిగింది, జవాబు కూడా అదే చెప్పింది. "బడి ఏటేటా తెరుస్తారు, ముహూర్తాలు మల్లా మల్లా వస్తాయా?" అని మొగుడితో అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది, ఆ రోజు అది ఎంత తెలివైన మాటగా తోచింది. తిమ్మప్ప పేక కండె నోటితో తడుపుకుని మళ్ళీ మగ్గంలోకి దిగాడు. అత్త మగ్గానికి ఎడమ పక్క కూర్చుని, కుడి పక్క పిల్లకు పీట వేసింది, అంతే. అంచు పోగులు మాత్రం తన వైపుకు లాక్కుంది, రెండు అంచులూ ఆమెవే, ఎవ్వరినీ తాకనిచ్చేది కాదు, ఒళ్ళు ఎవరన్నా అతకండి, అంచు చీరకు మొగం అనేది.

బడి పోయిందని భవాని ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది, బేరంలో ఎదుటి మనిషి అరిస్తే దారి దొరుకుతుంది. ఊరికే కూర్చుని అతుకుతూ అవ్వకు కథలు చెప్పేది. మగ్గం గుంటలో ఒక బల్లి ఉండేదట, ఆ బల్లి రోజూ పొద్దున్నే గోడ దిగి, వీధి దాటి, బడికి పోయి, భవాని కూర్చునే చోట పైకప్పుకు అంటుకుని ఉండేదట, సారు హాజరు పిలిచి భవాని పేరు దగ్గరికి వచ్చేసరికి టిక్కు టిక్కు అనేదట, సారు తల ఎత్తకుండా హాజరు వేసుకునేవాడట. సాయంత్రం బల్లి ఇంటికి వచ్చి ఆ రోజు పాఠం గుంటలో గోడ మీద తోకతో రాసి చూపించేదట. ఒక రోజు తలుపు సందులో పడి తోక తెగిందట, ఇప్పుడు దేంతో రాయాలి అని బల్లికి దిగులు. ఇంకో గదిలో చీరలు మడతపెడుతూ భాగ్యమ్మ వినేది, తోక తెగిన చోట చేతిలో చీర ఆగిపోయేది, ఆ తర్వాత ఏమైంది అని అడగాలనిపించేది, అడిగితే పని ఆగుతుందని అడిగేది కాదు. ఆమె చదివింది అయిదో తరగతి. పిల్ల మళ్ళీ బడికి పోయాక, మగ్గం దగ్గర ఆ గొంతు లేకపోయేసరికి ఇల్లు ఎట్లాగో అయింది, అప్పుడు చీర మడతల్లో పెట్టే అట్ట ఒకటి తీసుకుని దాని వెనక, టిక్కు టిక్కు అని రాసింది. రాసి చూసుకుంది. మరుసటి రోజు ఇంకో అట్ట. తోక తెగిన తర్వాత కథ తానే కల్పించింది, అంతవరకే తనది. పిల్లల పత్రికకు పంపితే వేశారు. కింద భాగ్యమ్మ, ఎమ్మిగనూరు అని ఒక్క పేరే ఉంది.

"అక్కా, రవ్వంత జరుగుతావా, నేనూ నీడకొస్తా." తల ఎత్తింది. నలభై కూడా ఉండవు, స్టీలు క్యారియరు చేతిలో, కాళ్ళకు ఎర్రమట్టి, ముక్కు తుడుచుకుంటూ కూర్చుంది. అడక్కుండానే చెప్పింది, పేరు సునీత అని, హొళగుంద పక్క అని, ఇంటిల్లిపాదీ సుగ్గికి, కోతల వలసకు, గుంటూరు పోయి మిరపకాయలు కోస్తున్నారని, కూతురు రేణుకకు ఈ పొద్దు ఆఖరి పరీక్ష అని బస్సెక్కి వచ్చిందని. "సేతులు సూడు, కడిగినా కడిగినా మంట పోదు. పాప తల నిమరల్లంటే బయం, కండ్లల్లో పడతాదేమోనని." అరచేతులు ఎర్రగా, వేళ్ళ కొనలు పగిలి ఉన్నాయి. సుగ్గికి పోయేవాళ్ళ ఇళ్ళకు తాళాలు, ఆ తాళాలతో పాటే పిల్లల బడి కూడా, సంక్రాంతికి ముందు లారీ ఎక్కిన పిల్లలు ఉగాది దాటాక దిగుతారు, చంకలో చంటిపిల్లలతో పదేళ్ళ పిల్లలు, భాగ్యమ్మ వాళ్ళ మీద రెండు పుస్తకాలు రాసింది. సునీత సంచి వైపు చూసింది. "నువ్వు టీచరమ్మవా?" "లేదు మ్మా, చీరలు అమ్ముతా. కతలు రాస్తా." "రెంట్లో ఏది గిట్టుబాటు?" భాగ్యమ్మకు నవ్వొచ్చింది, ఇన్ని సభల్లో ఎవరూ ఇంత సూటిగా అడగలేదు. "చీర అమ్మల్లన్నా కత సెప్పల్ల గదా. రెండూ ఒకటే యాపారం." సునీత ముందుకు వంగి భాగ్యమ్మ కట్టుకున్న చీర కొంగు పట్టుకుంది, చేతులు గుర్తొచ్చి వదిలేసింది. "ఈ ఎర్ర గీత ఏందక్కా, పసుపులో ఒకటే పోతాంది, బలే ఉండాదే."

బలే ఉండాదే. ఆ మాట ఆ చీరకు ఇరవై మూడేళ్ళుగా వస్తున్నదే. "దిష్టి పోగు," అంది భాగ్యమ్మ, నాలుక దానంతట అదే అంది, "పెండ్లికూతురికి దిష్టి తగలకుండా ఒక ఎర్ర పోగు అంచు దాటించి ఇడుస్తారు." పచ్చి అబద్ధం. ఆమె నోటితో చెప్పిన మొట్టమొదటి కథ అదే, బల్లికి ముందే. అసలు జరిగింది ఆ సీజనులో, ఒక్క పడుగులో పడ్డ తప్పు. కొత్త పడుగు ఎక్కించి తిమ్మప్ప ఒక మూరెడు నేసేసరికి అంచు పక్కన పసుపులో ఎర్ర పోగు ఒకటి సర్రున దిగుతోంది, ఎన్ని మూరలు నేసినా దిగుతూనే ఉంటుంది, పడుగంతా, ఆరు చీరలూ. తిమ్మప్ప మగ్గం ఆపి తల పట్టుకున్నాడు. భాగ్యమ్మ వచ్చి చూసి, ఎవరిదీ తప్పు అని అరిచింది. అత్త పిల్ల వైపు చూపించింది. "ఇంగెవురు? దీని మనసు ఈడ ఉంటే గదా. ఈ పిల్ల యేళ్ళకు మగ్గం రాదు, పనికి రాదు, బడికే తోలు, నాకు ఇంగా పని పెంచుతాంది." భవాని తల వంచుకుని "నేనే చేసినా," అంది. భాగ్యమ్మ నోటికొచ్చినట్టు తిట్టింది. దరిద్రపు చెయ్యి అంది. అన్నది, ఆ మాట పదకొండు పేజీల్లో ఏడో పేజీలో రాసింది కూడా. మరుసటి రోజే పుస్తకాల సంచి చేతికిచ్చి బడికి తోలింది, ప్రేమతో కాదు, పశ్చాత్తాపంతో అసలే కాదు, చెడిన సరుకును వెనక్కి పంపినట్టు. ఇక ఆరు చీరలు, వాటిని అంగడివాళ్ళు తాకలేదు. అప్పుడు మూటకట్టి తానే వీధిలో పడింది, ఇదేంది ఎర్రగీత అని మొదటి ఇంట్లో అడిగిన నిమిషంలో నోట్లోంచి దిష్టి పోగు వచ్చింది. అయిదు చీరలు ఒక్క వారంలో పోయాయి. దిష్టి పోగు చీరలు ఇంకా ఉండాయా అని తర్వాత ఎన్నాళ్ళో అడిగారు. ఆరోది అమ్మబుద్ధి కాక పెట్టెలో పెట్టింది, ఏడాదికి ఒకటి రెండుసార్లు కట్టుకుంటుంది, ఈ రోజు కట్టుకుంది.

ఆ తర్వాత అత్త ఆమె కథల్లోకి వచ్చింది. బడికి పోయే పిల్లను వాకిట్లో జడ పట్టి లాగే అవ్వ, గొణుగుడు అవ్వ, చింతబరికె అవ్వ, పుస్తకం పేరు మారినా అవ్వ అదే. కథలో అమ్మ మంచిది, ఎప్పుడూ పంపాలనే చూస్తుంది, అవ్వే అడ్డం. పనికి రాదు అన్న ఆ ముసలి గొంతు రాసేటప్పుడు చెవిలో మోగేది, ఆ కోపంతో వాక్యాలు బాగా నడిచేవి. బడుల్లో పిల్లలు "ఆ అవ్వ మీ ఇంట్లోదేనా మేడం?" అని అడిగితే అవునని నవ్వేది. అత్తకు చదువు రాదు, భవాని సెలవుల్లో వచ్చినప్పుడు పక్కన కూర్చుని పుస్తకాలు చదివి వినిపించేది, అవ్వ జడ లాగే చోటు వస్తే సుంకులమ్మే అందరికంటే గట్టిగా నవ్వేది, పళ్ళు లేని నోరు మూసుకుని, "బాగా తిట్టింది పో మీ యమ్మ" అని. సిగ్గు లేదు ఈ ముసలిదానికి అనుకునేది భాగ్యమ్మ. ఎనిమిదేళ్ళయింది అత్త పోయి. పోయే ముందు వారం కూడా కండ్లు కనపడక చేతులతో దుప్పటి అంచు తడిమి "అతుకు లేదు, మిషన్ది" అని పక్కకు నెట్టింది.

సునీత క్యారియరు మూత తీసి చూసి మళ్ళీ పెట్టింది, బస్టాండులో కట్టించుకున్న బొరుగుల ఉగ్గాని, బజ్జీలు, చల్లారిపోతాయేమోనని దిగులు. "పదో తరగతి వరకూ యెట్లో వచ్చె. సుగ్గికి దాన్ని పిల్చుకపోకుంటే మేస్త్రీ ఊరుకోడక్కా, ఇంటికి ఇన్ని సేతులని లెక్క వాడికి. రేణుకది మంచి చెయ్యి, బిరీన కోస్తాది. మరి నేనేం చేస్తినో తెల్సా?" ఆమె దగ్గరికి జరిగింది, ముఖంలో పిల్లలు దొంగతనం చెప్పుకునే సంబరం. "దానికి మిరప గాటు పడదు, ఒళ్ళంతా దద్దుర్లు వస్తాయి, ఊపిరాడదు, ఆడ సచ్చిపోతే నీదే పూచీ అంటి. దద్దుర్లూ లేవు ఏమీ లేవు, కారం లేకుంటే ముద్ద దిగదు ముండకి. వాడు యాక్ అని వదిలేసె, హాస్టల్లో ఇడిస్తిమి. బాగుండాదని సెప్తే యెవురు వదుల్తారక్కా? పనికి రాదని సెప్తేనే వదిలేది."

పనికి రాదని సెప్తేనే వదిలేది. భాగ్యమ్మ ఊఁ అంది. సునీత ఇంకా చెబుతూనే ఉంది, ప్రభువు దయ వల్ల లెక్కల పేపరు బాగా రాసిందట, ఇంటర్ ఆదోనిలో చదువుతానంటోందట. మాటలు వినబడుతున్నాయి, భాగ్యమ్మ మాత్రం అక్కడ లేదు. పనికి రాదు, బడికే తోలు. ఆ రెండు మాటలు ఇరవై మూడేళ్ళు విడివిడిగా విన్నది. మొదటిది తిట్టు, రెండోది విసుగు అనుకుంది. ఒకదాని పక్కన ఒకటి పెట్టి ఎప్పుడూ చూడలేదు. కొంగు ఒడిలోకి లాక్కుంది, కళ్ళద్దాలు ముక్కు మీదికి తోసుకుంది, ఎర్ర అంచు పక్కన గోరు పెట్టి ఎండ వైపు ఎత్తింది. ఒక పసుపు పోగు, రెండు, మూడు. గోరు జారింది, మళ్ళీ మొదటి నుంచి. అయిదు, ఆరు, ఏడు. ఏడు పసుపు పోగుల అవతల ఎర్రది. పొరపాటున పోగు జారితే పక్కదానికి జారుతుంది, మహా అయితే రెండో దానికి. ఏడు పోగులు దాటి ఎవరు జారుతారు? పోనీ దాటింది అనుకో, పిల్ల పరధ్యానం అనుకో, ఆ పిల్ల చేతికి ఎర్ర పోగు ఎట్లా వచ్చింది? అంచు పోగులు అత్తవి. రెండు అంచులూ అత్తవే. ఎర్ర పోగు ఆ ఇంట్లో ఇంకొకరి వేళ్ళ మధ్యకు వచ్చిందే లేదు. సుంకులమ్మ చేతి అంచులో జీవితంలో ఒక్క తప్పు పోలేదని ఊరంతా అనేవాళ్ళు, ఒక్క తప్పు పోయింది, అది ఆమె చూస్తుండగా, ఆమె ముక్కు కింద, ఆమె వేళ్ళలోంచే పోయింది. నూలు కొనేటప్పుడు ఎవరి చేతి నుంచి వచ్చింది అని మూడుసార్లు అడిగే భాగ్యమ్మ ఆ తప్పును మాత్రం ఎవరి చేతి నుంచి వచ్చిందని అడగకుండా తీసుకుంది. తొమ్మిది పుస్తకాలు. తొమ్మిది పుస్తకాల్లో జడ లాగించింది. ఆ అవ్వను చూసి ఎన్ని ఊళ్ళ పిల్లలు నవ్వారు, ఆ నవ్వుల్లో ఒకటి ఆమెదే, పళ్ళు లేని నోరు, బాగా తిట్టింది పో. కొంగు చేతిలో అట్లాగే ఉంది. వేపపూత ఒకటి రాలి పసుపు మీద పడింది, దులపలేదు. "ఏడుస్తాండావా అక్కా?" అంది సునీత. "నా సేతులు గానీ తగిలెనా, మిరపకారం?" లేదు మ్మా, అంది భాగ్యమ్మ, లేదు, నీ చేతులు చల్లగుండ.

గంట కొట్టారు. గేటు తెరిచేసరికి పిల్లలు ఒక్కసారిగా రోడ్డు మీద పడ్డారు, ప్రశ్నాపత్రాలు ఎగరేస్తున్నవాళ్ళు, జవాబులు సరిచూసుకుని తల కొట్టుకుంటున్నవాళ్ళు, ఇక అట్టలు అక్కర్లేదని విసనకర్రల్లా ఊపుకుంటున్నవాళ్ళు. రేణుక వచ్చింది, తల్లి కంటే బెత్తెడు పొడుగు, ఎడమ చేతి మీద ఇంకు మరక. సునీత చేతులు వెనక్కి పెట్టుకుని తలతో పిల్ల భుజాన్ని తోసింది, తల నిమిరే బదులు. ఉగ్గాని అక్కడే విప్పారు. "అక్కా, నువ్వూ తిను," అని మూతలో పెట్టి ఇచ్చారు. పదహారేళ్ళ పిల్ల కారం మిరపకాయ బజ్జీ కొరికి ఇంకోటి అందుకుంది. దద్దుర్ల పిల్ల.

ఒంటిగంటకు అయిదు నిమిషాలు ఉందనగా భవాని గేటు దాటి వచ్చింది, ఒక చేతిలో గొడుగు, ఒక చేతిలో ఆదివారం ఇచ్చిన కాగితాలు. భాగ్యమ్మ లేవలేదు, కొంగు కూడా వదల్లేదు. కూతురు వచ్చి నిలబడి నోరు తెరిచే లోపల ఆమే అడిగింది. "భవానీ, ఆ పడుగులో అంచు ఎవురు అతికిరి?"

భవాని తల్లిని చూసింది, ఆమె చేతిలో కొంగు చూసింది. గొడుగు మూసి పక్కన కూలబడింది. "ఇన్నేండ్లకు అడిగితివా మా?"

"సెప్పు మే."

"ఆ పొద్దు నేను బల్లి కత సెప్తాండా. టిక్కు టిక్కు అనింది, సారు హాజరేసె అంటి. అవ్వ పని ఆపె. 'ఆ బల్లి ఎన్నాళ్ళే నీకు బదులు పలికేది? నువ్వు పోయి పలికేది ఎప్పుడు?' అనె. నాకు ఏడుపొచ్చె. అంతకు ముందు ఒక్క పొద్దు ఏడవలే నేను. అవ్వ ఎర్ర పోగు ఒకటి లాగి, పసుపుల్లోకి తీసుకపోయి అతికె. అతికి సూసుకొనె. మొగం యెట్లుండె తెల్సా, సొంత ముక్కు కోసుకున్నట్టుండె. 'మీ యమ్మ అడిగితే నువ్వే చేసినానను. తిట్టించుకో, ఒక పూట తిట్లకు పదేండ్ల సదువు, అగ్గువ బేరమే' అనె."

"నాకే సెప్పొచ్చు గదా ఆయమ్మ. నోరు లేదా?"

"అడిగినా. 'మీ యమ్మ నోటితో సెప్తే వినదు, చీర సెప్తే వింటాది' అనె."

రోడ్డు మీద బస్సు హారను కొట్టింది. భాగ్యమ్మ నవ్విందో ఏడ్చిందో ఆమెకే తెలియలేదు, రేణుక తినడం ఆపి చూసింది. "మరి తర్వాతన్నా? పుస్తకాల్లో ఆయమ్మను అంతగా తిడ్తాంటే?"

"సెప్తానంటి అవ్వతో, రెండు తూర్లు. ఒద్దనె. 'తిట్టనీలే, పిల్లోళ్ళు నవ్వుతారు. దానికి రాయడానికి ఒకరు కావల్ల గదా, నేను ఖాళీగానే ఉండా' అనె. ఒట్టేయించుకొనె. ఇప్పుడు నువ్వే అడిగితివి, నేను సెప్పలే, ఒట్టు నిలిచింది." భవాని కాగితాలు ఒళ్ళో పెట్టుకుని ఎర్ర పెన్ను గుర్తులు ఉన్న పేజీలు తిప్పింది. "నాది నువ్వు రాసింది రాసినట్టు ఉండనీ. దరిద్రపు చెయ్యి కూడా ఉండనీ. ఒకటి తప్పుండాది. మూడు నెలలు అని రాసినావు. నేను బడికి పోనిది అరవై రెండు రోజులు. ఒకటి ఎక్కువా రాయొద్దు, ఒకటి తక్కువా రాయొద్దు."

అరవై రెండు. ఆ పిల్ల రోజులు లెక్కపెట్టుకుంది. భాగ్యమ్మ తల ఊపింది, చెయ్యి చాచి ఆ వేళ్ళు పట్టుకుంది, సుద్దముక్క పొడి అంటిన వేళ్ళు, బూడిదలో అద్దినట్టే ఉన్నాయి. భవాని వెనక్కి తీసుకోలేదు. ఎంత మంది చేతుల మీదుగా వచ్చింది తన పేరు. తోక తెగిన బల్లిని ఇచ్చింది ఒకరు. నవ్వుతూ తిట్లు పడింది ఒకరు. తాను చేసిందల్లా మడతపెట్టి అమ్మడమే. అయినా దిగులు లేదు, విచిత్రం, మూట దించినట్టుంది, మూటలో తాను అనుకున్న సరుకు కాకుండా ఇంకేదో మేలురకం బయటపడినట్టుంది.

ఫోను మోగింది. హరికృష్ణ. "ఏమ్మా, ఒంటిగంటాయె. ఎక్కియ్యల్నా వద్దా? అవతల పెండ్లి పత్రికలోళ్ళు కూర్చోనుండారు."

"పెండ్లి పత్రికలే ఎక్కించుకోప్పా. నాకు పది దినాలు కావల్ల."

"అమ్మాయి ఒద్దనెనా?"

"అమ్మాయి సరే అనె. మా అత్త అడ్డమొచ్చింది."

"మీ యత్త పోయి ఎన్నేండ్లాయె గదమ్మా?"

"ఊఁ. ఇప్పుడే వచ్చింది." ఫోను పెట్టేసింది. సంచిలోంచి ప్రూఫులు తీసి చివరి కాగితం వెనక్కి తిప్పింది, తెల్లగా ఉంది, అట్టముక్క వెనక భాగంలా. కళ్ళద్దాలు సర్దుకుని రేణుక వైపు చెయ్యి చాచింది. "పాపా, పెన్నిస్తావా? నీ పరీక్ష అయిపోయింది గదా."

రేణుక నోట్లో బజ్జీతోనే పెన్ను ఇచ్చింది. నీడ మళ్ళీ జరిగింది, ముగ్గురు ఆడవాళ్ళూ ఆ పిల్లా జరిగారు. సునీత ఏం రాస్తున్నావక్కా అని మెడ చాచింది, చదువు రాదు కాబట్టి కూతుర్ని చదవమంది. రేణుక వేళ్ళు తుడుచుకుని, భాగ్యమ్మ చేతి కింద నుంచి ఒక్కొక్క మాటే పైకి చదివింది.

"మా అత్త సుంకులమ్మ అంచు పోగులు ఎవ్వరి చేతికీ ఇచ్చేది కాదు."